ఊరికే వచ్చేవాళ్ళు

నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. కిటికీ గొళ్ళాలను ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసుకుంటూ తాళాలాయన మూడో తరగతి పెట్టె చివరికి వచ్చాడు. సరిపోయాయి. తలుపు పిడులు నాలుగు. సామాను అరల కింద కొక్కేలు ఇరవై నాలుగు. అవీ సరిపోయాయి. మెట్టు దిగి, తలుపు లాగి తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు గుంజి చూసి, చంకలోని పుస్తకం తీసి టిక్కు పెట్టాడు.

ఆ పాత రైళ్ళ మ్యూజియంలో ఆయన స్టోర్‌కీపరు. జీతం తీసుకునేవాళ్ళు అక్కడ ముగ్గురే. ఆయనా, టిక్కెట్లిచ్చే అమ్మాయీ, ఊడ్చే మనిషీ. తుప్పు గీకడం, రంగు వెయ్యడం, ఇత్తడి తోమడం, చిరిగిన సీట్లు కుట్టడం, ఇంజను కీళ్ళకి నూనె పొయ్యడం, ఇలాంటి పనంతా శనివారం శనివారం వచ్చే వాలంటీర్లది. వాళ్ళకి జీతం లేదు, భోజనం లేదు, బస్సు చార్జీలు కూడా లేవు. అందుకే వాళ్ళంటే ఆయనకి అనుమానం. జీతం తీసుకునేవాడు ఎందుకొస్తాడో అందరికీ తెలుసు. తీసుకోనివాడు ఎందుకొస్తున్నట్టు?

మనసులో ఆయన వాళ్ళకి పెట్టుకున్న పేరు 'ఊరికేవాళ్ళు'.

"ఊరికే ఎవడూ ఏదీ చెయ్యడు. పంచదార లేనిదే చీమ కూడా గడప దాటదు" అంటూంటాడు ఇంట్లో.

"మరి నేను ముప్పై ఐదేళ్ళుగా మీకు వండిపెడుతున్నది దేనికట?" అంటుంది భార్య.

ఇంతకీ ఆ మాట ఎందుకన్నట్టు, దాని వెనక ఏముంది అని ఆయన రెండు రోజులు ఆలోచిస్తాడు.

అరవైకి ఏడాది తక్కువ వయసు. సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి భుజం మీదుగానో తొంగిచూస్తున్నట్టుంటాడు. నడుముకి తోలు పటకా, పటకాకి ఇనుప వలయం, వలయానికి ముప్పై ఒక్క తాళంచెవులు. ఇంట్లో ఉన్నవి రెండు గదులే అయినా ఆ గుత్తి దిండు కింద పెట్టుకునే పడుకుంటాడు. ఆయన నడుస్తుంటే వచ్చే గలగలని బట్టి షెడ్డులో ఎవరు ఎక్కడున్నా ఆయన ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేస్తారు.

శనివారాల్లో మాత్రమే లెక్కచూసే ఇంజను దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది.

నల్లటి చిన్న ఇంజను. మ్యూజియంలో ఇంకా నడిచేది అదొక్కటే. ఏడాదికోసారి బాయిలరు వెలిగించి, వెనక ఒక పెట్టె తగిలించి, ఆవరణలో ఉన్న అర కిలోమీటరు పట్టాల మీద జనాన్ని తిప్పుతారు. అది రేపే. డ్రైవరు నిలబడేచోట నెత్తిమీద ఈల గొలుసు వేలాడుతుంది. దాని చివర అరచేతిలో పట్టేంత ఇత్తడి పిడి ఉండాలి. గొలుసు ఉంది. పిడి లేదు.

తాళాలాయన అరవలేదు. అరిస్తే దొంగ జాగ్రత్తపడతాడు. టిక్కు పెట్టాల్సిన గడి ఖాళీగా వదిలి, పుస్తకం మూసి, నెమ్మదిగా కిందికి దిగాడు. చూడ్డానికొచ్చేవాళ్ళని ఇంజను ఎక్కనివ్వరు. ఎక్కేవాళ్ళు ఇద్దరే. ఒకడు రిటైరైన ఇంజను డ్రైవరు. నోరు పెద్దది, చేతులూపుకుంటూ వస్తాడు, చేతులూపుకుంటూ పోతాడు. వాడి దగ్గర దాచుకునే చోటే లేదు. రెండోవాడు వాచీల తాత.

తాతకి డెబ్భై నాలుగు. బజారు మూలన అలమరంత కొట్టులో యాభై ఏళ్ళు వాచీలు బాగుచేసి, చూపు తగ్గాక కొట్టు మూసి, ఆ తరవాత పదకొండేళ్ళుగా ఒక్క శనివారం మానకుండా ఇక్కడికొస్తున్నాడు. రైళ్ళ మీద మోజు ఉన్నట్టు కనిపించడు. మిగతావాళ్ళలా ఏ ఇంజను ఏ కాలంనాటిదని అడగడు. మూడో తరగతి పెట్టెలో ఒక మూల కూర్చుని, చిన్న ఆకురాళ్ళతో, నూనె గుడ్డతో ఇత్తడి సామాన్లు శుభ్రం చేసుకుంటాడు. మధ్యాహ్నం తన డబ్బాలోదే తింటాడు. ఐదింటికి భుజాన గుడ్డసంచీతో వెళ్ళిపోతాడు. గేటు దగ్గర తాళాలాయన అందరి సంచులూ చూస్తాడు. తాత సంచీలో చిన్న పనిముట్లు, కళ్ళజోడు పెట్టె, తిండి డబ్బా. డబ్బా ఒక్కోసారి గలగలమంటుంది. కానీ తిండి డబ్బా మూత తియ్యమనడానికి ఎంత అనుమానస్తుడికైనా నోరు రావాలి కదా. పదకొండేళ్ళుగా రాలేదు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గాని ఆ సామెతని ముప్పై మూడేళ్ళ కిందట తాళాలాయన మీదే వాడారు. అప్పుడాయన సరుకుల గిడ్డంగిలో గుమాస్తా. పక్కసీటు స్నేహితుడు, "పది నిమిషాలు తాళాలిలా ఇవ్వరా, నా గొడుగు లోపల ఉండిపోయింది" అంటే ఇచ్చాడు. మర్నాడు రెండు పెట్టెల ఫాన్లు లేవు. తాళాలు ఎవరి పేరున ఉన్నాయో వాడే దొంగ. మూడేళ్ళు సస్పెన్షను. కడుపుతో ఉన్న భార్య నలుగురి ఇళ్ళలో బట్టలు ఇస్త్రీ చేసింది. తను ఇంటికొచ్చాడని సొంత బావమరిది నవ్వుతూ మాట్లాడుతూనే బీరువా తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. చివరికి కేసు కొట్టేశారు. నిర్దోషి అని మాత్రం కాదు, సాక్ష్యం చాలలేదని. ఆ మాట ఆయన ఒంట్లో విరిగిన ముల్లులా ఉండిపోయింది. ఆ తరవాత ఎవరికీ తాళం ఇవ్వలేదు, ఎవరినీ స్నేహితుడని పిలవలేదు. ఈ మ్యూజియంలో చేరిన పదకొండేళ్ళలో ఒక్క మేకు తగ్గలేదు. తన జీవితంలో ఇది నాది అని ఆయన చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఇవాళ ఒక పిడి తగ్గింది.

తొమ్మిదింటికి ఊరికేవాళ్ళు వచ్చారు. తాళాలాయన గుత్తిని గుప్పిట్లో బిగించి, చప్పుడు కాకుండా మూడో తరగతి పెట్టె అవతలి పక్కకి చేరాడు. లోపల డ్రైవరూ, సీట్లు కుట్టే దర్జీ ఆవిడా, వాచీల తాతా తలలు దగ్గర పెట్టుకుని ఉన్నారు.

"ఆయనకి తెలిస్తేనో?" అంది దర్జీ ఆవిడ.

"తెలియక్కర్లేదమ్మా. రేపు పొద్దున్నకల్లా అయిపోతుంది" అన్నాడు తాత.

"ఒంట్లో బాగాలేదంటున్నావు, పోనీ ఇంకోసారి చూడకూడదూ?" అన్నాడు డ్రైవరు.

"ఇంకోసారంటే ఎట్లా? రేపేగా అవసరం."

ఇంతలో గుప్పిట్లోంచి ఒక తాళంచెవి జారి గలుక్కుమంది. లోపల మాటలు కత్తిరించినట్టు ఆగిపోయాయి. దర్జీ ఆవిడ సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. డ్రైవరు ఉన్నట్టుండి రేపు వాన పడుతుందేమోనన్నాడు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

తాళాలాయనకి ఇంక కావలసిందేముంది?

పదింటికి సెక్రటరీ వచ్చాడు. మ్యూజియాన్ని నడిపే సంఘానికి ఆయనే అన్నీ. ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళిపోవలసినవాడిలా ఉంటాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"రేపు జనం వస్తారు కదా, గేటు దగ్గర వాలంటీర్ల పేర్లతో కృతజ్ఞతల బోర్డు పెడుతున్నాం. పెయింటరు వస్తున్నాడు. పేర్లు సరిగ్గా ఉన్నాయేమో మీరోసారి చూడండి. గేటు పుస్తకం మీ దగ్గరేగా."

తాళాలాయన కాగితం చదివాడు. పద్నాలుగు పేర్లు. వేలు ఒకదాని మీద పెట్టాడు.

"ఈ ఒక్కటీ ఆపండి."

"అయ్యో, ఆయనా? ఎందుకు?"

"ఆపండి. ఎందుకో సాయంత్రం చెప్తాను."

సెక్రటరీ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. "మీ మాట మీదేగా స్టోరు నడిచేది" అని కలం తీసి ఆ పేరు కొట్టేశాడు. అంత తేలిగ్గా కొట్టేస్తాడని తాళాలాయన అనుకోలేదు. తన మాటకి అంత విలువుందని సంతోషించాలో, ఒక్క మాటతో ఒక మనిషి పేరు ఎగిరిపోయినందుకు భయపడాలో తెలియలేదు. ఆ రెండోదాన్ని పక్కకి నెట్టేశాడు.

మధ్యాహ్నానికి బోర్డు తయారై, గోడకి ఆనించి, తడిగా మెరుస్తోంది. పైన పెద్ద అక్షరాలతో 'ఈ మ్యూజియాన్ని నిలబెడుతున్న వీరికి మా కృతజ్ఞతలు' అనీ, కింద రెండు వరసల్లో పదమూడు పేర్లూ. మంచినీళ్ళ కోసం వచ్చిన తాత గ్లాసు పట్టుకునే బోర్డు ముందు ఆగాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, దగ్గరికి వంగి, పైనుంచి కిందికి మొదటి వరస చదివాడు. తరవాత రెండో వరస. స్టోరు కిటికీలోంచి తాళాలాయన ఆ మొహాన్నే చూస్తున్నాడు. పేరు లేదని తెలిసిన మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. మొహం మాడ్చుకోవాలి, లేదా ఎవరినైనా అడగాలి. తప్పు చేసినవాడైతే గతుక్కుమనాలి.

తాత పెయింటరు వైపు తిరిగాడు. "మూడో పేరులో దీర్ఘం పడలేదు బాబూ. దర్జీ అమ్మాయిది. పాపం చూసుకుని బాధపడుతుంది."

పెయింటరు నాలుక కరుచుకుని కుంచె తీశాడు. తాత మిగిలిన నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, పెట్టె వైపు నడిచాడు. తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడు అనుకున్నాడు తాళాలాయన. అనుకున్నాడే గాని ఆ దీర్ఘం ఎక్కడో గుచ్చుకుంది.

మూడింటికి తాత గేటు దగ్గరికి వచ్చేశాడు.

పదకొండేళ్ళలో ఎన్నడూ ఐదుకి ముందు వెళ్ళని మనిషి. మొహం పాలిపోయి ఉంది. కణతల మీద చెమట. భుజాన సంచీని చేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"ఇవాళ తొందరగా వెళ్తున్నారే" అన్నాడు తాళాలాయన.

"కాస్త నలతగా ఉంది సార్. పడుకుంటే తగ్గుతుంది."

"సంచీ."

తాత సంచీ బల్ల మీద పెట్టాడు. పనిముట్లు, కళ్ళజోడు పెట్టె, డబ్బా. తాళాలాయన డబ్బా ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల లోహం లోహాన్ని తాకింది.

"మూత తియ్యండి."

"వద్దు సార్" అన్నాడు తాత మెల్లగా. "రేపు పొద్దున్న నేనే చూపిస్తాను."

"మూత తియ్యండి పెద్దాయనా. నలుగురినీ పిలవమంటారా?"

తాత వేళ్ళు మూత అంచు మీద రెండుసార్లు జారాయి. మూడోసారికి వచ్చింది. లోపల పాత గుడ్డ. గుడ్డలో ఇత్తడి పిడి, మెడ దగ్గర రెండు ముక్కలై. దాని పక్కన ఇంకో పిడి, అదే పొడవు, అదే వంపు, ఆకురాయి గీతలు ఇంకా పోలేదు. సగం మెరుస్తోంది, సగం గరుగ్గా ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు తాళాలాయన. గొంతు తనది కానట్టు పైకి లేచింది. ఆ గొంతు విని డ్రైవరూ దర్జీ ఆవిడా పరిగెత్తుకొచ్చారు.

"అయిందా?" అంది దర్జీ ఆవిడ డబ్బా చూసి. ఆవిడ చేతిలో కత్తెర అలాగే ఉంది. "చల్లగా ఉందా మనసు? అన్నయ్యగారూ, పోయిన శనివారం బాయిలరు పరీక్ష చేసినప్పుడు ఈయన లాగిన లాగుడికి ఆ పిడి విరిగింది" అని కత్తెరతో డ్రైవర్ని చూపించింది. "మీ పుస్తకంలో ఒకటి తగ్గుతుందని ఈ పెద్దాయన వారం రోజులు ఇంట్లో కూర్చుని, తన గోడ గడియారం లోలకం కరిగించి పోత పోసి కొత్తది చేస్తున్నాడు. రేపు మీరు రాకముందే బిగించేద్దామనుకున్నాం. మీరేమో అన్నం డబ్బా మూత తీయిస్తారా?"

"ఇదొక్కటేనా ఏమిటి" అన్నాడు డ్రైవరు తల గోక్కుంటూ. "చెప్పమ్మా, గొళ్ళాల సంగతి కూడా చెప్పెయ్. ఇంక దాచేదేముంది?"

"ఏం గొళ్ళాలు?"

"రోజూ పొద్దున్నే నలభై ఎనిమిది లెక్కపెడతారుగా. శనివారాల్లో జనం ఎక్కినప్పుడు పిల్లలు విరగ్గొట్టినవీ, ఎవరో ఊడపీక్కుపోయినవీ పోతే అందులో పాతవి ఎన్ని మిగిలాయో ఎప్పుడైనా చూశారా? వెనక వేలు పెట్టి చూడండి. అసలువాటికి కంపెనీ అక్షరాలుంటాయి. ఈయన ఇంట్లో చేసి, డబ్బాలో తెచ్చి, ఆ సాయంత్రమే బిగించేసినవాటికి ఉండవు. ఎంత చెప్పినా అక్షరాలు మాత్రం చెక్కడు. అలా చేస్తే అబద్ధమవుతుందట!"

తాళాలాయన తాత వైపు తిరిగాడు. "ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"మీరే కదా సార్" అన్నాడు తాత, ఆశ్చర్యంగా.

"నేనా?"

"నేనొచ్చిన మొదటి రోజే చెప్పారుగా. 'నేనొకసారి పడ్డాను పెద్దాయనా. ఇక్కడ ఒక్క మేకు తగ్గినా నా మెడకే చుట్టుకుంటుంది' అని. తరవాతి వారమే నా చేతిలోనే ఒక గొళ్ళెం విరిగింది. అయ్యో అనిపించింది."

తాళాలాయనకి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ మాట తను బెదిరింపుగా అన్నాడు. వేలు చూపించి మరీ అన్నాడు. ఈ మనిషి దాన్ని వేరేగా విన్నాడు.

"దీనివల్ల మీకేమిటి లాభం?" ఆ ప్రశ్న ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

తాత నిజంగానే ఆలోచించాడు. "ఏముంది సార్. చేతికి పనుంటే శనివారం తెలీకుండా గడుస్తుంది." మూత పెట్టి, డబ్బా సంచీలో పెట్టుకున్నాడు. చాలా సేపు పట్టింది. తరవాత, మామూలుగా అడిగినట్టే అడిగాడు. "నేను వెళ్ళొచ్చా సార్?"

తాళాలాయన తలూపాడు. తోడు వస్తానని డ్రైవరు అంటే తాత చేత్తో వద్దన్నాడు. "బస్సు మా ఇంటి గుమ్మంలోకే వస్తుంది, నువ్వెందుకు? బాయిలరు చూసుకో, రేపు పరువు పోతుంది." రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న స్టాపులో బెంచీ మీద కూర్చున్నాడు.

తాళాలాయన నేరుగా మూడో తరగతి పెట్టెలోకి వెళ్ళాడు. మొదటి కిటికీ గొళ్ళెం వెనక వేలు పోనిచ్చాడు. అక్షరాలు తగిలాయి. రెండోది నున్నగా ఉంది. మూడోదీ నున్ననే. నాలుగు, అక్షరాలు. ఐదు, ఆరు, ఏడు, నున్నన. పదకొండేళ్ళు ప్రతి పొద్దునా ముందునుంచి నొక్కినవాడు వెనక ఒక్కసారి తడమలేదు. నలభై ఎనిమిదీ అయ్యేసరికి నున్నటివి ఇరవై తొమ్మిది తేలాయి.

సీటు మీద కూర్చుండిపోయాడు. తన పుస్తకం, తన టిక్కులు, ఒక్క మేకు కూడా తగ్గలేదన్న తన పేరు. అందులో సగానికి పైగా ఇంకొకడు రాత్రింబగళ్ళు ఆకురాయితో అరగదీసి ఇచ్చినవి. సంతోషం రాలేదు. ముందొచ్చింది అనుమానమే. ఎందుకు చేశాడు? రేపెప్పుడైనా వేలెత్తి చూపడానికా? తనని చేతికింద పెట్టుకోవడానికా? ఆ అనుమానాన్ని పట్టుకుని కాసేపు నడిచి చూశాడు. అది ఎటూ పోలేదు. పదకొండేళ్ళలో ఆ మనిషి ఒక్క గొడుగు అడగలేదు, ఒక్క తాళం అడగలేదు.

కిటికీలోంచి చూస్తే స్టాపు కనిపిస్తోంది. బస్సొచ్చింది. వెళ్ళింది. తాత బెంచీ మీదే ఉన్నాడు.

'ఎక్కలేదేం?' అనుకున్నాడు తాళాలాయన. జనం ఎక్కువగా ఉన్నారేమో. కాదే, ఖాళీగానే పోయింది.

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. పెయింటరు డబ్బాలు సర్దుకుంటున్నాడు.

"ఇంకొక పేరు రాయాలి."

"ఇప్పుడా? చోటెక్కడుందండీ, రెండు వరసలూ నిండిపోయాయి."

"ఎక్కడో ఒకచోట రాయి నాయనా."

"సెక్రటరీగారు కొట్టేసిన పేరా? ఆయన ఊరుకుంటారా?"

"నా మాట మీద కొట్టేశాడు. నా మాట మీదే రాయి."

పెయింటరు గొణుక్కుంటూ సన్న కుంచె తీశాడు. గేటు పుస్తకంలో పదకొండేళ్ళుగా రాసిన పేరు. తాళాలాయన ఒక్కొక్క అక్షరమే చెప్పాడు, దీర్ఘాలతో సహా. బోర్డు అట్టడుగున, అంచుకి ఆనుకుని, మిగతావాటికన్నా చిన్నగా, కాస్త ఏటవాలుగా పడింది. అది పూర్తయ్యేలోపు రెండో బస్సూ వచ్చి వెళ్ళిపోయింది.

తాత ఇంకా కూర్చునే ఉన్నాడు.

ఇప్పుడు ఆయనకి చిరాకు పుట్టింది. దేనికోసం ఆ కాచుకోవడం? తను గేటు వేసేదాకా ఉండి మళ్ళీ లోపలికి వద్దామనా? లేక తను వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పాలనా? చూశావా, నీ నోటితోనే చెప్పించుకుంటాను అనా? చెప్పడానికి ఆయన దగ్గర మాటలేవి? థాంక్స్ అనే ముక్క ఆయన ఎవరికి చెప్పాడని? కేసు కొట్టేసిన రోజు భార్యకి కూడా చెప్పలేదు. పెదాలు కదిపి చూసుకున్నాడు. 'పెద్దాయనా, మీరు...' అక్కడే ఆగిపోయింది. 'పెద్దాయనా, రేపు ఎన్నింటికొస్తారు?' ఇది నయం. అందులోనే అన్నీ వచ్చేస్తాయి, అర్థం చేసుకునేవాడైతే.

మూడో బస్సు వెళ్ళాక ఆయన మూలనున్న కొట్లో రెండు టీలు తీసుకుని రోడ్డు దాటాడు. వలయంలో తాళాలు ప్రతి అడుగుకీ గలగలమన్నాయి. తాత తల తిప్పలేదు.

గడ్డం ఛాతీకి ఆనింది. రెండు చేతులూ ఒళ్ళో సంచీ మీద ఉన్నాయి. బెంచీ అవతలి చివరన పుస్తకాలతో కూర్చున్న ఒక అమ్మాయి తల ఎత్తి చూసి, "నిద్రపోతున్నారండీ. బస్సొచ్చిందని చెబుదామనుకున్నాను గానీ లేపబుద్ధి కాలేదు" అంది.

తాళాలాయన రెండు గ్లాసులూ బెంచీ మీద పెట్టాడు. "పెద్దాయనా" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. తాత చాలా తేలిగ్గా ఆయన వైపు ఒరిగాడు. ఒరిగినవాడిని అలాగే పట్టుకుని, ఎంతసేపో తెలియకుండా కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

తరవాత జరిగినవన్నీ మిగతావాళ్ళు చేశారు. డ్రైవరు అంబులెన్సుకి ఫోను చేశాడు. దర్జీ ఆవిడ తాత కూతురికి చెప్పింది. అంబులెన్సు వచ్చింది, డాక్టరు నాడి చూసి గంట పైనే అయిందన్నాడు. గంట పైన. తాళాలాయన పెట్టె కిటికీలోంచి చూస్తున్న సమయం. పేరు రాయిస్తున్న సమయం. మూడు బస్సుల సమయం. ఆయన ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు.

కూతురు నలభై దాటిన మనిషి. వచ్చి, తండ్రి మొహం చూసి, పక్కకెళ్ళి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని వచ్చింది. తాళాల వలయం మీద ఆమె చూపు పడింది.

"తాళాలాయన అంటే మీరేనా?"

"నేనేనమ్మా."

"మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. ఆయన ఉన్నాడు కాబట్టే అక్కడ అన్నీ పదిలంగా ఉన్నాయని. అలాంటి మనిషి దొరకడని."

తాళాలాయన ఆ మొహంలో వెటకారం కోసం వెతికాడు. అలవాటు. కళ్ళలో చూశాడు, పెదాల చివర చూశాడు. దొరకలేదు. తలొంచుకుని, "సంచీలో ఒక పిడి ఉందమ్మా, మ్యూజియానిది. ఇంకా పూర్తి కాలేదు. మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. మ్యూజియం వస్తువు ఒకటి గేటు బయటికి వెళ్ళడానికి ఆయన నోటితో ఒప్పుకోవడం అదే మొదలు.

"మరి రేపు ఈలకి?" అంది దర్జీ ఆవిడ మెల్లగా.

"గొలుసుకి గుడ్డ చుట్టి లాగుతాను" అన్నాడు డ్రైవరు.

అంబులెన్సు వెళ్ళిపోయింది. దర్జీ ఆవిడ ఇంటికి బయల్దేరుతూ, అలవాటు కొద్దీ గేటు బల్ల మీద సంచీ తెరిచి పట్టుకుంది. తాళాలాయన అటు చూడకుండా, "వెళ్ళిరామ్మా" అన్నాడు.

"చూడండి అన్నయ్యగారూ" అంది ఆవిడ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "మీ పని మీరు చెయ్యండి. లేకపోతే ఆయన అంత కష్టపడింది దేనికి?"

చూశాడు. కత్తెర, దారం ఉండలు, నాలుగు గుండీలు. "సరే" అన్నాడు. వేరే ఎటో చూస్తూ, "రేపు అందరూ వస్తారు కదా?" అన్నాడు.

"ఎందుకు రాం?"

అందరూ వెళ్ళాక, ఎండ ఇంకా పూర్తిగా దిగకముందే, ఆయన తాళాలు వేసుకుంటూ బయల్దేరాడు. మూడో తరగతి పెట్టె చివరికి వదిలాడు. లోపలికి వెళ్ళి, తెరిచున్న కిటికీలు ఒక్కొక్కటీ దించాడు, గొళ్ళెం పడిన చప్పుడు వినేదాకా ఆగి. తాత కూర్చునే మూలకొచ్చేసరికి ఆగిపోయాడు. తాత ఇక్కడ బట్టలు మార్చుకునేవాడని ఆయనకి తెలియదు. గేటు దగ్గర తాత ఒంటి మీద ఉన్నది నూనె మరకల పని చొక్కా అని సంచీ మీదే కళ్ళు పెట్టుకున్నవాడికి తట్టలేదు.

సామాను అర కింద కొక్కేనికి, వేసుకుని ఇంటికెళ్ళవలసిన తెల్లచొక్కా, ఇస్త్రీ మడత నలగకుండా, పై గుండీ పెట్టి తగిలించి ఉంది.